వేలిముద్రతో తీరని బాకీ

"ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది. వాళ్లు సంతకం పెట్టారు. పేర్లు ఎక్కడా బయటపెట్టలేదు. ఇంకేం చెయ్యమంటారు?" పేదల మధ్యకు వెళ్లి పరిశోధన చేసేవాళ్ల నోట తరచుగా వినిపించే మాట ఇది. యూనివర్సిటీ సెమినార్లలో వినిపిస్తుంది, స్వచ్ఛంద సంస్థల శిక్షణ తరగతుల్లో వినిపిస్తుంది. దీనికి ఒక కొనసాగింపు కూడా ఉంది: ఇంతకు మించి అడిగితే అసలు పరిశోధనలే ఆగిపోతాయి, అప్పుడు నష్టపోయేది ఆ పేదలే. మంచి మనసున్నవాళ్లు కూడా ఈ వాదనను నమ్ముతున్నారు. అందుకే దీన్ని చూసీచూడనట్టు వదిలెయ్యడానికి వీల్లేదు. ఇది న్యాయం దృష్ట్యా తప్పు, శాస్త్రం దృష్ట్యా కూడా తప్పు. ఆ సంగతి తేల్చుకోవడానికి దర్శి మెట్ట కంటే తగిన చోటు నాకు కనిపించదు.

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోవి. 1930ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా రైతులు తమ ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. కొన్నేళ్లకు అదే బాధ మనుషుల్లోనూ బయటపడింది. పిల్లలకు గారపళ్లు, పెద్దలకు తిరగని మెడలు, వంగని నడుములు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నర్డ్, నాయర్ అనే నలుగురు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై మద్రాసు ప్రెసిడెన్సీలో వస్తున్న ఈ జబ్బు, ఫ్లోరోసిస్, గురించి వ్యాసం ప్రచురించారు. మన దేశంలో మనుషుల ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి శాస్త్రీయ రచనగా దాన్నే చెబుతారు. 1940లో సి.జి. పండిట్ బృందం దక్షిణ భారతంలో ఈ జబ్బు మీద మరో అధ్యయనం వెలువరించింది. అప్పటినుంచి ఎన్ని బృందాలు వచ్చాయో! నీళ్లు సీసాల్లో పట్టారు, మూత్రం పరీక్షించారు, పళ్లకు ఫొటోలు తీశారు, వెన్నెముకలకు ఎక్స్‌రేలు తీశారు. ఎందరికో డాక్టరేట్లు వచ్చాయి.

ఆ పనిని నేను తక్కువ చెయ్యడం లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రజ్ఞులు రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే కొత్త రూపాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. ఆ తర్వాతి పరిశోధన దానికి నాగార్జునసాగర్ చుట్టూ పైకొచ్చిన భూగర్భజలంతో, జొన్నలో మారిన ఖనిజాలతో ఉన్న లంకెను వెతికింది. పనికొచ్చే జ్ఞానం ఇది. అయితే ఎద్దు నడకలో తేడా మొదట పట్టిన రైతు ఈ చరిత్రలో ఎక్కడున్నాడు? "స్థానిక రైతులు గమనించారు" అనే ఒక్క వాక్యంలో ఉన్నాడు. నలుగురు పరిశోధకుల పేర్లు ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఉదహరిస్తున్నాం. వాళ్లకు మొదటి ఆధారం అందించినవాడి ఊరి పేరు కూడా మిగల్లేదు.

ఇక సీసా సంగతి. పల్లెలో బోరు నీళ్లు పట్టుకెళ్లినవాళ్లను గుర్తుపెట్టుకున్న మనుషులు దొరుకుతారు. ఆ సీసాలో ఏం తేలిందో తిరిగొచ్చి చెప్పినవాళ్లను గుర్తుపెట్టుకున్నవాళ్లు దొరకడం కష్టం. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్నది ప్రమాణం. తన బోరులో అది ఒకటా, నాలుగా అన్నది ఆ ఇంటి ఇల్లాలికి తెలిస్తే, కూలి డబ్బుల్లోంచి ఇరవై లీటర్ల క్యాన్ కొనాలా వద్దా, పసిపిల్లకైనా విడిగా నీళ్లు ఉంచాలా అన్నది ఆమె నిర్ణయించుకోగలదు. ఆ అంకె విదేశీ పత్రికలో పట్టిక రూపంలో ఉంటుంది. ఆమె దగ్గర ఉండదు. ఆమె వేలిముద్ర వేసిన సమ్మతి పత్రం తీసి చూడండి. నమూనా తీసుకోవడానికి ఒప్పుకుంటున్నానని ఆమె చేత చెప్పించారు. ఫలితం ఫలానా తేదీలోపు మీ ఇంటికొచ్చి చెబుతానని పరిశోధకుడి చేత ఎవరూ చెప్పించలేదు. ఒక వైపు మాత్రమే బాధ్యత రాసుకున్న కాగితాన్ని ఒప్పందమని పిలవడం నాకు చేతకాదు. పరిశోధకుడు ఊళ్లోంచి బస్సెక్కేటప్పటికి అతని మీద బాకీ ఉంది. నేటి పద్ధతి ఆ బాకీని లెక్కలోకే తీసుకోదు.

సమ్మతి అడిగే తీరు ఇంకా ముఖ్యం. బయటి బృందం ఊళ్లోకి వస్తే ముందు ఎక్కడికి వెళ్తుంది? పంచాయతీ ఆఫీసుకి, లేకపోతే పెద్దరైతు ఇంటి అరుగు మీదికి. అక్కడ కాఫీ తాగి, ఆయన మనిషిని వెంటబెట్టుకుని మాదిగపల్లెకు వెళ్తారు. "సార్ వాళ్లు వచ్చారు, అడిగింది చెప్పండి" అని ఆ మనిషి అంటాడు. రేపు పొద్దున ఆ పల్లె ఆడమనిషి మిరపకోతకు వెళ్లాల్సింది ఆ ఆసామి చేలోకే. పిల్లాడి జ్వరానికి అప్పు పుట్టేది ఆ ఇంట్లోనే. ఆ స్థితిలో ఆమె "వద్దు సార్" అనగలదా? అనలేని చోట పెట్టించుకున్న సంతకానికి విలువేమిటి? 1985లో దళితుల ఊచకోత జరిగిన కారంచేడు అప్పుడు ఈ జిల్లాలోనే ఉంది. 1991లో అలాంటిదే జరిగిన చుండూరు అప్పుడు పొరుగు జిల్లాలో ఉంది. పల్లెకు, ఊరికి మధ్య ఉన్న దూరం ఇక్కడ ప్రాణాలు తీసిన దూరం. అది తెలిసీ అరుగు మీదుగా పల్లెకు వెళ్లే పరిశోధకుడు తాను ఎవరి పక్షాన కనపడుతున్నాడో ఆలోచించలేదంటే, అతని పద్ధతిలోనే లోపం ఉంది. అలా వచ్చిన జవాబులు నిజమైన జవాబులు కూడా కావు. ఆసామి మనిషి ఎదుట కూలి రేటు గురించి, వడ్డీ గురించి, టీ కొట్టులో వేరు గ్లాసుల గురించి ఎవరు ఉన్నదున్నట్టు చెబుతారు?

తెలుగు మాట్లాడతాం కదా, పక్క టౌన్ వాళ్లమే కదా, మేం బయటివాళ్లం ఎలా అవుతాం అంటారు కొందరు. దర్శి టౌన్‌లో పుట్టి పెరిగినా జీవితంలో ఒక్కసారీ ఆ పల్లె గడప దాటనివాడు అక్కడ బయటివాడే.

సంతకం ఉంటే చాలన్న నమ్మకం ఎక్కడికి దారి తీస్తుందో మన రాష్ట్రం 2009లోనే చూసింది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేసే కార్యక్రమం మొదలుపెట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. సుమారు 14 వేల మంది పిల్లలు. వాళ్లలో ఎందరో భద్రాచలం ప్రాంతపు ఆశ్రమ పాఠశాలల్లో చదివే ఆదివాసీ బాలికలు. తల్లిదండ్రులు ఎక్కడో కొండమీది గూడేల్లో ఉన్నారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో ఆ పత్రాల లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 సమ్మతి పత్రాలు. అందులో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంతకాలు. కాగితాలు ఉన్నాయి. వార్డెన్ సంతకం ఉన్నచోట ఒప్పుకున్నది మాత్రం పిల్ల కాదు, తల్లి కాదు, తండ్రి కాదు.

కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని నిలిపేశారు. గుజరాత్‌తో కలిపి ఏడుగురు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు తేలలేదని ప్రభుత్వ విచారణ చెప్పింది. ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఆ టీకా మంచిదేనని కూడా ఒప్పుకుంటాను. నా వాదనకు బలం అక్కడే ఉంది. టీకా మంచిదే అయినప్పుడు, తల్లిదండ్రులకు వివరంగా చెప్పి, వాళ్ల ప్రశ్నలు విని, వద్దన్నవాళ్లను వదిలేసి చేసి ఉంటే పోయేదేముంది? కొన్ని నెలలు ఆలస్యమయ్యేది. తొందరపడి వార్డెన్ సంతకంతో పని కానిచ్చినందుకు ఈ దేశంలో ఆ టీకా జాతీయ కార్యక్రమంలోకి రావడం ఏళ్ల తరబడి వెనక్కిపోయింది. ఆ జాప్యంలో ఎందరు ఆడవాళ్లు నివారించగలిగిన క్యాన్సర్‌కు బలయ్యారో ఎవరూ లెక్కపెట్టలేరు. "ఎక్కువ అడిగితే పరిశోధన ఆగిపోతుంది" అనేవాళ్లు ఈ ఉదంతాన్ని మళ్లీ మళ్లీ చదవాలి. అక్కడ అడగాల్సినంత అడగనందుకే పని ఆగింది.

రెండేళ్లకే, 2011లో, మన పల్నాడులోని పిడుగురాళ్ల నుంచి ఇంకో కథ వచ్చింది. పేద కూలి ఆడవాళ్లను దళారులు డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌లోని ఒక ఔషధ పరీక్షల సంస్థకు తీసుకెళ్లారు. మందులు మింగించి రక్తం తీశారు. తిరిగొచ్చాక ఒళ్లునొప్పులు, నీరసం అని వాళ్లు మొరపెట్టుకున్నాక సంగతి రచ్చకెక్కింది. కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ సంస్థ అనుమతిని నిలిపేశారు. అక్కడా కాగితాల మీద సంతకాలు ఉన్నాయి.

పిడుగురాళ్ల తర్వాత కొందరు విపరీతమైన ముగింపుకు వచ్చారు: పేదలకు డబ్బు ఇవ్వడమే ప్రలోభం, కాబట్టి ఏమీ ఇవ్వకూడదు. ఇది ఎథిక్స్ కమిటీల్లో ఈనాటికీ బలంగా ఉన్న అభిప్రాయం, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది కూడా ఇదే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ప్రాంతంలో మిరపకోతలు. ఆడవాళ్లు తెల్లారకముందే వంట ముగించి, ముఠాగా ఆటో ఎక్కి పోతారు. పొద్దుగూకి ఇంటికి చేరేసరికి చేతులు, కళ్లు మంటలు. కళాశాల సెలవులను బట్టి, గ్రాంటు గడువును బట్టి మన పరిశోధకుడు సరిగ్గా అప్పుడే ప్రశ్నావళి పట్టుకుని వస్తాడు. ఆమె గంటన్నర కూర్చోవాలి. ప్రొఫెసర్‌కు జీతం ఉంది, సర్వే చేసే కుర్రాడికి రోజువారీ భత్యం ఉంది, జీపు డ్రైవరుకు బాడుగ ఉంది. ఎవరి జీవితానుభవం లేకుంటే ఆ పరిశోధనే లేదో ఆ మనిషికి మాత్రం ఉచితంగా ఇవ్వడమే నీతి అట! పరిశోధన పేరుతో ఒంటిని పణంగా పెట్టించడానికి డబ్బు ఎర వెయ్యడం వేరు, పోగొట్టుకున్న సమయానికి కూలి కట్టివ్వడం వేరు. ఈ తేడా పొలం గట్టు మీద ఎవరికైనా తెలుసు. కమిటీ గదిలో ఎందుకు తెలియదు?

ఇక ప్రశ్నను ఎవరు రాస్తున్నారు అన్న విషయం. దీని గురించి మన విద్యావంతులు దాదాపుగా మాట్లాడరు. 1980ల చివర తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని నాశనం చేసి రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులనుంచీ ఈ ప్రాంతపు సేద్యం మీద సర్వేలకు లోటు లేదు. చాలా సర్వేలు రైతును ఎక్కడ వెతుకుతాయి? రెవెన్యూ రికార్డులో, పట్టాదారు పాసుపుస్తకంలో, బ్యాంకు అప్పుల జాబితాలో. పత్తికి, మిరపకు పెట్టుబడి పెట్టి, నష్టం మోసే మనిషి చాలాచోట్ల కౌలుదారు. అతని పేరు ఆ మూడింటిలోనూ ఉండదు. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, దాని కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. పొలం పోతుందన్న భయంతో ఆసామి పెట్టడు, కౌలు పోతుందన్న భయంతో కౌలుదారు అడగడు. మళ్లీ సంతకమే. పొలంలో రోజంతా పనిచేసే ఆడమనిషిని ఇంటిపనిలో లెక్కేస్తారు. ఇంతమందిని మొదటి రోజే జాబితాలోంచి తీసేసిన సర్వేకు ఎంత గొప్ప ఎథిక్స్ అనుమతి ఉన్నా ఉపయోగమేమిటి? ప్రశ్నావళి అచ్చు వెయ్యకముందు పల్లెలో నలుగురిని కూర్చోబెట్టి "మీలో రైతులెవరు?" అని అడిగి ఉంటే ఒక సాయంత్రంలో బయటపడే తప్పు ఇది. న్యాయంగా నడుచుకోవడం, సరైన లెక్క తియ్యడం అక్కడ ఒకే పని.

పేరు దాచడం గురించి ఒక్క మాట. వెట్టి గురించి, హింస గురించి చెప్పిన మనిషి పేరు దాచాలి, అందులో రెండో మాట లేదు. కానీ విత్తనం గురించి, మందుమొక్క గురించి, పాట గురించి చెప్పిన ముసలామె పేరు దాచి, ఆమె మాటలను "ఒక సమాచారదాత" పేరిట అచ్చు వేసి, పైన మన పేరు పెట్టుకోవడం గోప్యత కిందికి రాదు. పేరు ఉంచాలో తియ్యాలో ఆమెనే అడగాలి.

పల్లెవాళ్లకు పరిశోధన అర్థం కాదు, ఫలితాలు చెబితే బెదిరిపోతారు అన్నది ఇంకో సాకు. దీనికి జవాబు చాలా ఏళ్ల కిందటే అప్పటి మెదక్ జిల్లాలో దొరికింది. 2001 జూన్‌లో అక్కడ "ప్రజాతీర్పు" పేరుతో ఒక జ్యూరీ కూర్చుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పాటు విదేశీ పరిశోధన సంస్థలు కలిసి ఏర్పాటు చేసిన పని అది. జ్యూరీలో చిన్న, సన్నకారు రైతులు, ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు, ఆదివాసీలు. వాళ్ల ముందుకు అధికారులు, శాస్త్రజ్ఞులు, విత్తన కంపెనీ ప్రతినిధులు సాక్షులుగా వచ్చి రాష్ట్ర ప్రభుత్వ విజన్-2020 వ్యవసాయ ప్రణాళిక గురించి చెప్పుకున్నారు. జ్యూరీ సభ్యులు ఎదురు ప్రశ్నలు వేశారు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి ఉన్న సంఘం జరిగే తీరును పర్యవేక్షించింది. చివరికి యంత్రాలతో కూలి పని పోవడాన్ని, పొలాల్లోంచి జనాన్ని తగ్గించడాన్ని, జన్యుమార్పిడి పంటలను వాళ్లు తిరస్కరించారు. ఆ తీర్పుతో ఎవరైనా విభేదించవచ్చు. కానీ అర్థం కాలేదని మాత్రం ఎవరూ అనలేరు. 2002లో నివేదిక అచ్చయ్యాక దాని పద్ధతి మీద, ప్రామాణికత మీద పెద్ద దుమారం లేపింది పల్లెవాళ్లు కాదు, రాష్ట్రానికి నిధులిస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ.

బయటివాళ్లు రావద్దని నేను అనడం లేదు. జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం చనిపోయిన 1940 తర్వాత నిజాం ప్రభుత్వం పంపితే వచ్చిన ఆస్ట్రియా మనిషి హైమెండార్ఫ్ గోండుల భాష నేర్చుకుని, మార్లవాయిలో ఉండి, గోండీలో వాచకాలు తయారు చేయించాడు, భూములకు పట్టాలు ఇప్పించే పనిలో నిలబడ్డాడు. దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి ఆ భూములు ఎవరి చేతుల్లోకి పోయాయో రాశాడు. రాజ్యం పంపిన మనిషే అయినా తిరిగొచ్చాడు. పరిశోధన వల్ల మేలు లేదనీ నేను అనడం లేదు. 2004-05లో గుంటూరు జిల్లాలో పన్నెండు వేల మందికి పైగా రక్తం ఇస్తే, ఆ అధ్యయనం దేశంలో హెచ్‌ఐవీ లెక్కనే కదిలించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేతో కలిపి చూశాక 2007లో ప్రభుత్వం తన అంచనాను సుమారు 52 లక్షల నుంచి 25 లక్షలకు దించింది. పేదల రక్తపు చుక్క దేశం లెక్కను సరిదిద్దగలదు. అంత విలువైనది ఇచ్చినవాళ్లను "నమూనా" అన్న మాటతో సరిపెట్టడమే నాకు అభ్యంతరం.

అమెరికాలో హవసుపాయి ఆదివాసులు మధుమేహం కోసమని ఇచ్చిన రక్తాన్ని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మతిభ్రమ మీద, వలసల మీద అధ్యయనాలకు వాడుకున్నారు. వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఇచ్చింది. 2017లో దక్షిణాఫ్రికా సాన్ జాతివాళ్లు తమ మధ్యకు వచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాసి ముందు పెట్టారు. ఆ నియమాల తర్వాత సాన్‌ల మధ్య పరిశోధన ఆగిపోలేదు. మన దగ్గర మాల, మాదిగ, యానాది, చెంచు పల్లెలు అటువంటి కాగితం రాసుకుంటే ఏ శాస్త్రానికీ నష్టం లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు సైతం సముదాయాన్ని కలుపుకుపోవాలని, లాభంలో భాగం ఇవ్వాలని చెబుతున్నాయి. వైద్యేతర పరిశోధనకు ఆ మాత్రం కట్టడి కూడా లేదు.

ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉంది, గుంటూరు పక్కన నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. పల్లెల మీద రాసే ప్రతి సిద్ధాంత గ్రంథానికి అవి ఒక షరతు పెట్టగలవు. దానికి ఢిల్లీ ఉత్తర్వు అక్కర్లేదు. గ్రంథం సమర్పించే ముందు దాని సారాంశాన్ని తెలుగులో ఆ పల్లెలోనే చదివి వినిపించాలి, బోరు అంకెలు ఏ ఇంటివి ఆ ఇంటికి రాసివ్వాలి. ఎవరు ఏ అభ్యంతరం చెప్పారో, దానికి పరిశోధకుడు ఏం జవాబిచ్చాడో, ఏం దిద్దుకున్నాడో ఒక అధ్యాయంగా గ్రంథంలో ఉండాలి. ఎవరూ ఏ అభ్యంతరమూ చెప్పలేదని రాస్తే, వైవా రోజున పరీక్షకులు అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ సభ ఎక్కడ పెట్టారు, ఎవరి అరుగు మీద, ఏ వేళప్పుడు అని.